బరువు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది: తిండి ఇంకా తగ్గించాలా, నడక పెంచాలా?

సందేహి:
అందరికీ నమస్కారం. కొన్ని నెలలుగా తిండి తగ్గించి, రోజూ సాయంత్రం నడుస్తున్నాను. మొదటి పక్షంలో బరువు చకచకా తగ్గింది. ఆ ఊపు చూసి, ఏడాది తిరిగేలోపు అనుకున్న బరువుకు వచ్చేస్తానని ఆశపడ్డాను. తరువాత వేగం మందగించి, ఇప్పుడు తూకం ఉన్నచోటే ఉంటోంది, ఒక్కోరోజు కిలో పెరిగినట్టు కూడా చూపిస్తోంది. ఇంట్లోవాళ్లు రోజుకు ఒక్కపూటే తినమంటున్నారు, స్నేహితుడేమో నడక చాలదు, పరుగు మొదలుపెట్టమంటున్నాడు. నాకు నలభై దాటింది కాబట్టి శరీరం శక్తిని ఖర్చుచేసే జీవక్రియే మందగించిందేమోనన్న అనుమానం కూడా ఉంది. విషయం తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

చదువరి:
సందేహి గారూ, మొదటి పక్షంలో తగ్గినదంతా కొవ్వు కాదు. మనం తిన్న పిండిపదార్థాల్లో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్‌గా మార్చి కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకుంటుంది. పెద్దవారిలో ఈ నిల్వ దాదాపు అర కిలో వరకు ఉంటుంది, అందులో ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా నిలిచి ఉంటుంది. తిండి తగ్గించగానే ముందుగా కరిగేది ఈ నిల్వే కనుక, దానితోపాటు నీరూ పోయి తూకం గబగబా దిగుతుంది. మళ్లీ ఒకరోజు కడుపునిండా తింటే అదే నీరు తిరిగి చేరుతుంది. ఉప్పు ఎక్కువ తిన్నా, విరేచనం సాఫీగా కాకపోయినా, నెలసరి దగ్గరపడినా, కొత్తగా చేసిన వ్యాయామంతో కండరాలు నొప్పిపట్టినా తూకంలో ఇలాంటి పెరుగుదలే కనిపిస్తుంది. ఒక కిలో కొవ్వు నిజంగా చేరాలంటే ఖర్చుకు మించి 7,700 కేలరీలు తినాలి, రాత్రికి రాత్రి అది జరిగే పని కాదు.

ఇక ఏడాదిలో అనుకున్న బరువుకు వచ్చేస్తామన్న ఆశ విషయం. ‘రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే ఏడాదికి ఇరవై మూడు కిలోలు తగ్గుతాము’ అనే లెక్క చాలాచోట్ల కనిపిస్తుంది. మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే వైద్యుడు 1958లో రాసిన వ్యాసంతో ఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. గుణకారం సరిగ్గానే ఉంది, కానీ బరువు తగ్గినకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గుతుందన్న సంగతి ఆ లెక్కలో లేదు. తేలికైన శరీరాన్ని మోయడానికి తక్కువ శక్తి చాలు, దానికితోడు తిండి తగ్గినప్పుడు మనకు తెలియకుండానే లేవడం, తిరగడం, కదలడం కూడా తగ్గుతాయి. కెవిన్ హాల్, ఆయన సహపరిశోధకులు 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇచ్చిన అంచనా ప్రకారం, అధిక బరువు ఉన్న సగటు మనిషి రోజూ తినేదాంట్లో శాశ్వతంగా 24 కేలరీలు తగ్గిస్తే చివరికి ఒక కిలో తగ్గుతుంది. అందులో సగం తగ్గడానికి ఏడాది, దాదాపు మొత్తం తగ్గడానికి మూడేళ్లు పడుతుంది. ఈ లెక్కన 500 కేలరీల కోతతో మొదటి ఏడాది తగ్గేది పది కిలోల చిల్లర మాత్రమే. ఇరవై మూడు కిలోలు ఆశించినవారికి అదే వైఫల్యంగా తోస్తుంది.

పరుగుప్రియుడు:
చదువరి గారి వివరణ బాగుంది, కానీ దాన్ని చదివినవారు ఇంకా ఇంకా తిండి తగ్గించుకుంటూ పోతారేమోనని నా భయం. ఖర్చు తగ్గిందన్నప్పుడు ఖర్చును పెంచుకోవడమే కదా న్యాయం! సందేహి గారి స్నేహితుడు చెప్పినదే నా మాట కూడా. నడకను పరుగుగా మార్చండి, తూకం దానంతట అదే కదులుతుంది. తిండిని గ్రాముల్లో కొలుచుకుంటూ బతకడం ఎవరికైనా ఎన్నాళ్లు సాధ్యమవుతుంది?

ఆహార సలహాదారు:
పరుగుప్రియుడు గారూ, మీ ఉత్సాహం మెచ్చదగినదే, కానీ లెక్క చూడండి. పరుగులో ఖర్చయ్యే శక్తి స్థూలంగా కిలో బరువుకు, కిలోమీటరుకు ఒక కేలరీ. డెబ్బై కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు పరిగెత్తితే 350 కేలరీలు. ఇంటికి వచ్చాక ఆకలి మీద రెండు గుప్పెళ్ల వేయించిన గింజలు తింటే ఆ మొత్తం తిరిగి వచ్చేస్తుంది. పరిగెత్తిన అలసటతో మిగిలిన రోజంతా కూర్చుండిపోయేవారి సంగతి సరేసరి. బరువు దించడానికి వ్యాయామం ఒక్కటే ఆధారమైతే నిరాశే ఎక్కువగా మిగులుతుందని నా వృత్తిలో తరచు చూస్తుంటాను.

సందేహి గారూ, మీరు తిండి తగ్గించానన్నారు. ఎంత తగ్గించారో, అంతకుముందు ఎంత తినేవారో రాయలేదు. ఇది మీమీద అనుమానంతో అంటున్న మాట కాదు. రోజుకు 1,200 కేలరీలకన్నా తక్కువే తింటున్నా బరువు తగ్గడం లేదని చెప్పినవారిని కొలతలతో పరిశీలించిన ఒక అధ్యయనం 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. వారు చెప్పిన దానికంటే దాదాపు రెట్టింపు తింటున్నారనీ, చేస్తున్నామన్న శారీరక శ్రమ నిజానికి అందులో మూడింట రెండు వంతులేననీ తేలింది. వారి జీవక్రియ మామూలుగానే ఉంది. వారు అబద్ధాలాడలేదు, తిండిని కంటితో అంచనా వేయడం మనుషులకు చేతకాని పని, అంతే.

నా దగ్గరికి వచ్చేవారికి మొదట నూనె పరీక్ష చెబుతాను. వంట మొదలుపెట్టే ముందు నూనె సీసాను వంటింటి తూకం మీద పెట్టి అంకె రాసుకోవాలి. ఆ రోజు వంటలన్నీ అయ్యాక అదే సీసాను మళ్లీ తూచాలి. మూకుడులో పోసింది, పైన చల్లింది, గిన్నెకు రాసింది, అన్నీ ఆ తేడాలో తేలతాయి. తగ్గిన గ్రాములను తిన్నవారి సంఖ్యతో భాగించి తొమ్మిదితో గుణిస్తే తలకు ఎన్ని కేలరీలో వస్తుంది. ఎందుకంటే గ్రాము కొవ్వుకు తొమ్మిది కేలరీలు, గ్రాము పిండిపదార్థానికీ మాంసకృత్తులకూ నాలుగేసి. పెద్ద చెంచాడు నూనె సుమారు పద్నాలుగు గ్రాములు, అంటే 120 కేలరీల పైమాటే. చెంచాడే వాడుతున్నామనుకునే ఇళ్లలో ఆ ‘చెంచా’ సీసా మూతిలోంచి ధారగా పడుతుంటుంది. నూనె మానేయమని నేను చెప్పను, కొలిచి పోయమంటాను. వారం రోజులు కొలిస్తే కన్ను అలవాటు పడుతుంది. జీవితాంతం కొలుచుకుంటూ కూర్చోనక్కరలేదు.

తాగేవి కూడా రాసుకోండి. చక్కెర వేసిన పానీయాలు, పండ్ల రసాలు కడుపు నిండిన భావన కలిగించకుండానే లెక్కలో చేరిపోతాయి. మద్యానికి గ్రాముకు ఏడు కేలరీలు.

పరుగుప్రియుడు:
దించడంలో తిండిదే పెద్ద వాటా అన్నంతవరకు ఒప్పుకుంటాను. కానీ దించిన బరువు తిరిగి రాకుండా చూసుకోవడం వేరే పని, అక్కడ వ్యాయామాన్ని తీసిపారేయలేరు. కనీసం పదమూడు కిలోల పైచిలుకు తగ్గి, ఏడాదికి పైగా అలాగే నిలుపుకున్నవారి వివరాలను అమెరికాలో 1994 నుంచి ఒక జాతీయ పట్టికలో నమోదు చేస్తున్నారు. వారిలో అత్యధికులు రోజుకు సగటున గంటసేపు శారీరక శ్రమ చేస్తున్నారు, చాలామంది ఎంచుకున్నది నడకే. ఇక బరువు సంగతి పక్కన పెట్టినా రక్తపోటు, చక్కెర, నిద్ర, మనసు వీటన్నిటికీ వ్యాయామంతో మేలు జరుగుతుంది. కాటా కదలలేదని నడక మానేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఆహార సలహాదారు:
ఈ మాటతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో, మధుమేహం అంచున ఉన్న మూడువేల పైచిలుకు మందిలో ఒక వర్గానికి ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల శ్రమ లక్ష్యాలుగా ఇచ్చారు. సుమారు మూడేళ్లలో ఆ వర్గంలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో తగ్గింది 31 శాతమే. ఏడు శాతం అంటే ఎనభై కిలోల మనిషికి ఆరు కిలోలకన్నా తక్కువ. అద్దంలో పెద్దగా తెలియని తేడాయే ఇంత పని చేస్తుంది.

మోకాళ్లనొప్పి:
పరుగు, గంటసేపు నడక అంటుంటే నాలాంటివారు ఏం చేయాలి? మోకాళ్లు అరిగాయని వైద్యులు చెప్పారు. రోజుకు పదివేల అడుగులు వేయనిదే ఫలితం ఉండదని అందరూ అంటారు, నాకు అందులో సగం కూడా కష్టమే. ఇంకొక సందేహం. నాకు పొట్ట దగ్గరే ఎక్కువ. పడుకుని చేసే పొట్ట వ్యాయామాలతో అక్కడి కొవ్వు మాత్రమే కరుగుతుందా?

చదువరి:
రెండో ప్రశ్నకు సమాధానం చిన్నదే: కరగదు. టెన్నిస్ క్రీడాకారుల రెండు చేతులనూ 1971లో కొలిచి చూశారు. ఏళ్ల తరబడి బ్యాటు పట్టిన చేతిలో కండ ఎక్కువగా ఉంది కానీ, చర్మం కింది కొవ్వు మందం రెండు చేతుల్లోనూ ఒకటే. పొట్ట వ్యాయామాలతో అక్కడి కండరాలు గట్టిపడతాయి. కొవ్వు మాత్రం శరీరం మొత్తంమీద తగ్గుతూ, దాని వరుసలో అది పోతుంది.

పదివేల అడుగుల అంకె వైద్యశాస్త్రంలో పుట్టింది కాదు. 1965 ప్రాంతంలో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. వయసు పైబడిన స్త్రీల మీద 2019లో ప్రచురితమైన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 వేసేవారిలోనే మరణాల రేటు స్పష్టంగా తక్కువగా ఉంది. 7,500 దాటాక అదనపు మేలు పెద్దగా కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా కూడా అడుగుల్లో లేదు. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ (చురుకైన నడక లాంటిది), లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ (పరుగు లాంటిది), వీటికి అదనంగా వారానికి రెండు రోజులైనా ప్రధాన కండరాలన్నిటికీ బలం పెంచే వ్యాయామం చేయాలన్నది. మోకాళ్లు సహకరించనివారికి ఈత, ఒకేచోట నిలబెట్టి తొక్కే సైకిలు, కుర్చీలో కూర్చుని చేతులతో చేసేవి ఉన్నాయి. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా నెమ్మదిగా లేచి, నెమ్మదిగా కూర్చోవడం కూడా తొడ కండరాలకు మంచి వ్యాయామమే. అయితే మీ మోకాళ్లను చూసిన వైద్యులనో ఫిజియోథెరపిస్టునో అడిగి మొదలుపెట్టండి. తొడ కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుందని వారే సాధారణంగా దాన్ని నేర్పిస్తారు.

సందేహి:
ఇన్ని వివరాలు రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నేను అడిగిన వాటిలో రెండు మిగిలాయి. నలభై దాటితే జీవక్రియ మందగించడం నిజమేనా? ఒక్కపూట భోజనం, పిండిపదార్థాలు పూర్తిగా మానేయడం వంటి పద్ధతులకు ఏదైనా ప్రత్యేకమైన బలం ఉందా?

ఆహార సలహాదారు:
మొదటిదానికి 2021లో సైన్స్ పత్రికలో మంచి సమాధానం దొరికింది. వారం రోజుల పసికందుల నుంచి తొంభై దాటిన వృద్ధుల వరకు ఆరువేలకు పైగా మనుషుల శక్తి ఖర్చును పరిశీలించారు. శరీర పరిమాణాన్నీ కండరాల మొత్తాన్నీ లెక్కలోకి తీసుకుంటే, ఇరవై నుంచి అరవై ఏళ్ల వరకు అది దాదాపు స్థిరంగా ఉంటుంది. అరవై తరువాతే ఏడాదికి ఒక శాతం కన్నా తక్కువ చొప్పున తగ్గుతుంది. నలభైలలో మారేది ఎక్కువగా మన దినచర్య. కూర్చునే ఉద్యోగం, తగ్గిన నిద్ర, పలచబడిన కండ, పెరిగిన చిరుతిండి. నిద్రను తేలిగ్గా తీసుకోకండి. ఆరున్నర గంటలకన్నా తక్కువ నిద్రపోయేవారిని మరో గంట పైచిలుకు నిద్రపోయేలా చేస్తే, తిండి గురించి ఏ సలహా ఇవ్వకపోయినా వారు రోజుకు సగటున 270 కేలరీలు తక్కువ తిన్నారని 2022లో ఒక పరీక్ష చూపింది.

ఇక పద్ధతుల సంగతి. కొవ్వు తగ్గించిన ఆహారాన్నీ పిండిపదార్థాలు తగ్గించిన ఆహారాన్నీ 609 మంది మీద ఏడాదిపాటు పోల్చిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ అధ్యయనం 2018లో వచ్చింది. మొదటి వర్గం సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గాయి. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. ఒక్కో వర్గం లోపల మాత్రం పాతిక కిలోలకు పైగా తగ్గినవారూ, పెరిగినవారూ ఉన్నారు. రోజులో ఎనిమిది గంటల వ్యవధిలోనే తినడాన్ని, అన్నే కేలరీలను మామూలు వేళల్లో తినడంతో 2022లో పోల్చి చూసినప్పుడు కూడా ఏడాది చివర చెప్పుకోదగిన తేడా తేలలేదు. ఒక్కపూట తింటే మీకు సులువుగా ఉంటుందా, ఆకలితో చికాకుపడి రాత్రి వంటింట్లో వెతుక్కుంటారా అన్నది మీకే తెలియాలి. రెండో రకం మనిషైతే ఆ పద్ధతి మీకు కాదు.

ఏ పద్ధతి పట్టినా మాంసకృత్తులు తగ్గనివ్వకండి. మామూలుగా కిలో శరీర బరువుకు 0.8 గ్రాములు కనీస అవసరం. బరువు తగ్గే కాలంలో కండ కరిగిపోకుండా ఉండటానికి 1.2 నుంచి 1.6 గ్రాముల వరకు సూచిస్తుంటాం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా ఇలా పెంచకూడదు. పప్పుధాన్యాలు, గుడ్లు, పాల పదార్థాలు, చేపలు, ఏవి అలవాటైతే అవి. పీచు ఎక్కువగా ఉండే కూరగాయలతో పళ్లెంలో సగం నింపితే ఆకలి కూడా అదుపులో ఉంటుంది.

ఇల్లాలు:
నాకు థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. బరువు పెరగడానికి అదే కారణమని చుట్టుపక్కలవారందరూ అంటున్నారు, మాత్ర వాడుతున్నా బరువు దిగలేదు. ఈ మధ్య వారానికోసారి వేసుకునే సూదిమందుల గురించి కూడా వింటున్నాను, అవి వేయించుకోవచ్చా?

ఆసుపత్రి ఉద్యోగిని:
అమ్మా, థైరాయిడ్ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పు, నీరు. మాత్ర సరిపడా పడితే అంతవరకు దిగుతుంది. మిగతాదానికి పైన అందరూ చెప్పిన దారే. మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని, తినడానికి అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఈ ఎడం పాటించకపోతే మందు సరిగా ఒంటపట్టక, రక్తపరీక్షలో అంకెలు సరిగా రావు. థైరాయిడ్ మందును బరువు తగ్గడం కోసం ఎక్కువ మోతాదులో వేసుకోవడం గుండెకూ ఎముకలకూ ప్రమాదం, ఆ ప్రయోగం మాత్రం చేయకండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. అలాంటివి వాడుతుంటే మీ అంతట మీరే మానేయకుండా, వేరే మందు ఉందేమో రాసిన వైద్యుణ్నే అడగండి.

సూదిమందుల్లో సెమాగ్లుటైడ్ మీద 2021లో వచ్చిన పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం వరకు బరువు తగ్గింది. ఇంతవరకు ఆహార మార్పులతో మాత్రమే ఇంత సగటు రావడం అరుదు, కనుక వాటిని తక్కువచేసి మాట్లాడను. కానీ మందు ఆపిన ఏడాదికి, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. వికారం, వాంతులు, విరేచనాలు తరచుగా కనిపిస్తాయి. గర్భం కోరుకునేవారికి, ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్ తమకు గానీ కుటుంబంలో గానీ ఉన్నవారికి అవి పనికిరావు. వైద్యుని పర్యవేక్షణలో, దీర్ఘకాలం వాడాల్సిన మందుగానే వాటిని చూడాలి. నాలుగు నెలలు వేయించుకుని మానేసే ఆలోచన ఉంటే అసలు మొదలుపెట్టకపోవడం మంచిది.

ఇంకొక మాట. వారానికి కిలోన్నరకు మించి వరసగా తగ్గిపోతుంటే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. ప్రయత్నమేమీ లేకుండానే బరువు తగ్గిపోతుంటే సంతోషించవద్దు, వెంటనే పరీక్షలు చేయించుకోవాలి.

లెక్కల మాస్టారు:
సందేహి గారి అసలు సమస్యకు తిరిగి వస్తాను. బరువు ఆగిపోయిందో లేదో ముందు తేలాలి కదా! రోజుకు కిలో అటూ ఇటూ ఊగే అంకెలో, వారానికి పావు కిలో చొప్పున తగ్గే మార్పు కంటికి ఎలా కనిపిస్తుంది? ఉదయం మూత్రవిసర్జన తరువాత, ఏమీ తినకముందు, ఒకే రకమైన పలుచని బట్టల్లో, గట్టి నేలమీద పెట్టిన అదే కాటా మీద రోజూ తూచుకోండి. వారానికి ఏడు అంకెలు కూడి ఏడుతో భాగించండి. ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చండి, నిన్నటి అంకెతో ఈనాటి అంకెను పోల్చకండి. నాలుగు వారాల సగటులు ఒకేచోట నిలిస్తే అప్పుడు ఆగిందనవచ్చు. స్త్రీలు ఈ నెలసరి చక్రంలోని వారాన్ని పోయిన చక్రంలోని అదే వారంతో పోల్చుకోవాలి. రోజూ తూచుకుంటే ఆందోళన పెరిగేవారు, తిండి విషయంలో గతంలో మానసికంగా ఇబ్బంది పడినవారు మాత్రం ఈ పద్ధతి జోలికి పోవద్దు, వారికి నడుము కొలత చాలు.

నడుము కొలత ఎత్తులో సగానికి లోపు ఉండాలన్నది గుర్తుపెట్టుకోవడానికి సులువైన ప్రమాణం. బీఎంఐకన్నా, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకెకన్నా, నాకిదే నచ్చుతుంది. బీఎంఐ సూత్రం పందొమ్మిదో శతాబ్దపు గణాంకవేత్త క్వెట్‌లేది. ఆయన చూసింది జనసమూహాల సగటును, ఒక్కొక్క మనిషి ఆరోగ్యాన్ని కాదు. కండ ఎక్కువా కొవ్వు ఎక్కువా అన్నది అది చెప్పలేదు. పైగా ఆసియా జనాభాలో తక్కువ బీఎంఐ దగ్గరే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు కనిపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో, అధిక బరువుకూ స్థూలకాయానికీ హద్దులుగా వాడే 25, 30 అంకెలకు తోడు 23, 27.5 అంకెలను కూడా సూచించారు.

సందేహి:
మాస్టారి పద్ధతిలో ఈ రోజు నుంచే రాసుకోవడం మొదలుపెడతాను. నూనె పరీక్ష కూడా చేస్తాను. నాలుగు వారాల సగటులు వచ్చేదాకా తిండి ఇంకా తగ్గించను, నడకతోపాటు వారానికి రెండు రోజులు బలం పెంచే వ్యాయామం చేరుస్తాను. నాలుగు వారాల తరువాత కూడా సగటు కదలకపోతే ఎంత తగ్గించాలి?

ఆహార సలహాదారు:
రోజుకు 150 నుంచి 200 కేలరీలు, అది కూడా నూనె, చక్కెర, చిరుతిండి వైపు నుంచి. మాంసకృత్తులనూ కూరగాయలనూ ముట్టుకోవద్దు. మీరు ఇప్పటికే చాలా తక్కువ తింటున్నారని కొలతలో తేలితే మాత్రం ఇంకా కోయవద్దు. కొన్ని వారాలు బరువు నిలకడగా ఉండేంత తిని, నీరసం, నిద్ర, ఆకలి కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెట్టవచ్చు. బరువు పెరగకుండా ఆ కొన్ని వారాలు గడపగలిగితే, తరువాత జీవితాంతం చేయాల్సిన పనికి అదే అభ్యాసం అవుతుంది.

ఇల్లాలు:
మా పన్నెండేళ్ల అబ్బాయి కూడా బొద్దుగా ఉంటాడు. ఈ లెక్కలు వాడికీ వర్తిస్తాయా?

ఆసుపత్రి ఉద్యోగిని:
వర్తించవమ్మా. ఎదిగే పిల్లలకు కేలరీల కోత, పూటలు మాన్పించడం, రోజూ తూకం వేయడం వద్దు. పిల్లల బీఎంఐని వయసు, లింగాన్ని బట్టి ఎదుగుదల పట్టికలో చూడాలి, ఆ పని పిల్లల వైద్యులు చేస్తారు. చాలామంది పిల్లల్లో బరువు ఉన్నచోట నిలిస్తే చాలు, ఎత్తు పెరుగుతూ అదే సర్దుకుంటుంది. రోజుకు గంటసేపు ఆటలు, తీపి పానీయాల బదులు నీళ్లు, రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర, ఇవి ఇంట్లో అందరికీ కలిపి అమలు చేయండి. వాణ్ని ఒక్కణ్నే వేరు చేసి పళ్లెంలో కోత పెడితే దొంగచాటుగా తినడం నేర్చుకుంటాడు.